బెంచీ మీద పియానో డాక్టరు

ఒక మనిషి ఊరికే కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటే, ఆ కూర్చోవడం వల్ల ఎదురుగా మైదానంలో బంతి ముందుకు కదులుతుందా? ఇన్నేళ్ళయినా ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. కదలదని చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కానీ కొరియా యుద్ధం ముగిసిన ఆ ఏడాది అమెరికా ఉత్తరాన మా టోర్విక్ ఊళ్ళో ఉన్నవాళ్ళెవరినైనా అడిగి చూడండి. ముందు నవ్వుతారు. తర్వాత గొంతు సవరించుకుంటారు. ఆ తర్వాత కాఫీ పోసుకొస్తామని లోపలికి వెళ్తారు.

టోర్విక్‌లో అందరూ లూథరన్ క్రైస్తవులే, తాతల కాలంలో నార్వే నుంచి వచ్చినవాళ్ళే. అదృష్టం, శకునం అనే మాటలు వాళ్ళ ఇళ్ళలో వినపడవు. కొట్టం గుమ్మానికి గుర్రపు నాడా కొట్టిన ముసలాయన కూడా, మేకు ఖాళీగా ఉంటే తుప్పు పడుతుందని కొట్టానంటాడు. అలాంటి ఊరు ఒక శరత్కాలం మొత్తం ఒక పియానో మరమ్మతు మనిషి ఎడమకాలి మీద ఆధారపడి బతికింది.

ఆయన పేరు ఈనోక్ స్లెటెన్. యాభై దాటినవాడు, సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉండేవాడు. చిన్నప్పుడు పొలంలో ట్రాక్టరు ఎక్కిస్తే, దాని చప్పుడు శ్రుతిలో లేదని దిగి వచ్చేశాడట. ఇక వీడు వ్యవసాయానికి పనికిరాడని అన్నలు తేల్చేశారు. అప్పటి నుంచి నల్లటి తోలుసంచిలో పనిముట్లు పెట్టుకుని, ఏటా వసంతంలో బయల్దేరి చర్చిలు, బడులు, హోటళ్ళు తిరుగుతూ పియానోలు శ్రుతి చేయడమే ఆయన జీవితం. పెళ్ళి లేదు, ఇల్లు లేదు. ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో అడ్డు తగలడం చేతకాదు. ఎదుటివాళ్ళు ముగించేవరకు ఆగుతాడు. ముగించేసరికి వాళ్ళు వెళ్ళిపోయి ఉంటారు.

ఆయన తిరుగుడంతా ఏటా ఒకే చోట ఆగేది. మోంటానా కొండల్లో ఒక చిన్న హోటలు. దాన్ని నడిపేది హెస్టర్ డూలీ అనే వితంతువు. తొమ్మిదేళ్ళుగా శరత్కాలం చివర ఆ హోటలు పియానో ముందు ఆయన కూర్చునేవాడు. పనంతా చక్కగా ముగించేవాడు, ఒక్కటి తప్ప. మధ్య వరసలో ఒక తీగను, తీగలు బిగించే తాళంతో వెంట్రుకవాసి వెనక్కి తిప్పి వదిలేసేవాడు. ఏడాది తిరిగేసరికి అది అపస్వరం పలకాలి, తాను మళ్ళీ రావాలి. బతుకులో ఆయన చేసిన మోసం అదొక్కటే. మరుసటి ఏడు మూత తీయగానే హెస్టర్ కాఫీ కప్పుతో పక్కన నిలబడేది.

"ఈ ఏడూ అదే తీగండీ, స్లెటెన్ గారూ."

"తడిగాలి వల్ల, అమ్మా."

"అంతే, తడిగాలే," అనేది ఆవిడ. జూన్ తర్వాత చినుకు పడని ఊరది.

కిందటేడు మాత్రం ఆవిడ ఇంకో మాట అంది. "వచ్చే ఏడు నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ వెళ్ళగానే హోటలు అమ్మేసి కాలిఫోర్నియాలో కూతురి దగ్గరికి పోదామనుకుంటున్నాను. వద్దనడానికి ఎవరికైనా ఏదైనా కారణం ఉంటే పండగ లోపల వచ్చి చెప్పాలి మరి." ఆ మాట అంటూ ఆవిడ కిటికీలోంచి గుర్రాలకేసి చూసింది. గుర్రాలతో అనలేదని ఈనోక్‌కు అర్థం కావడానికి ఫిబ్రవరి దాకా పట్టింది. అర్థమయ్యాక మాత్రం ఒక నిశ్చయానికి వచ్చాడు. ఈ ఏడు వెళ్ళి అడిగేయాలి, నన్ను పెళ్ళి చేసుకుంటావా అని. ఆ దారిలోనే సెప్టెంబరు చివర టోర్విక్ కాలేజీ ప్రార్థనామందిరంలో పియానో బాగు చేయడానికి దిగాడు.

టోర్విక్ నుంచి పడమరకు వారానికి ఒక్కటే బస్సు, శనివారం మధ్యాహ్నం. అది ఆగే చోటు కాలేజీ మైదానం చివర, ధాన్యపు గిడ్డంగి పక్కన. ఈనోక్ పని ముగించుకుని సంచి పట్టుకుని అటు నడిచాడు. బస్సుకు ఇంకా టైముంది. ఎండ హాయిగా ఉంది. మైదానం పక్కన ఒక పొడుగాటి బెంచీ, దాని చివర ఖాళీ. కూర్చుని, ఎడమకాలు కుడికాలి మీద వేసుకుని, కోటు జేబులోంచి అల్లం బిస్కెట్టు తీశాడు.

కాలేజీ ఫుట్‌బాల్ జట్టు మూడేళ్ళుగా ఒక్క ఆట గెలవలేదు. కోలగా ఉండే తోలుబంతిని చంకలో ఇరికించుకుని, మీద పడే పదకొండు మందిని తోసుకుంటూ అవతలి గీత దాటించాలి, అంతే కదా ఆట. మా కుర్రాళ్ళు చంకలో ఇరికించుకోవడం వరకు బాగానే చేసేవారు. వాళ్ళకు కోచ్ థోర్వాల్డ్ గ్రిమ్‌స్టాడ్. చిన్న కాలేజీ కాబట్టి వారంలో మూడు రోజులు ఆయనే తర్కశాస్త్రం కూడా చెప్పేవాడు. ఆట జరిగేటప్పుడు బెంచీ మీద ఒక డాక్టరు ఉండి తీరాలని నియమం. ఆ రోజు ఊరి డాక్టరు ఎక్కడో పురుడు పోయడానికి వెళ్ళి రాలేదు. గ్రిమ్‌స్టాడ్‌కు బెంచీ చివర నల్లసంచి కనపడింది.

"హమ్మయ్య, వచ్చారా డాక్టరు గారూ! ఇంత ఆలస్యమా? అక్కణ్ణుంచి కదలకండి!"

ఈనోక్ నోరు తెరిచేసరికి కోచ్ మైదానం అంచున అరుస్తున్నాడు. కాసేపటికి ఇద్దరు కుర్రాళ్ళు లూథర్ క్వామ్ అనే భారీ మనిషిని మోసుకొచ్చి ఈనోక్ కాళ్ళ దగ్గర పడేశారు. మోకాలు పట్టేసింది. లూథర్ ముఖం చూసి ఈనోక్‌కు భయం వేసింది. భయం వేసినప్పుడు ఆయన చేతులు వాటంతటవే ఒక పని చేస్తాయి. సంచిలోంచి రెండు కొమ్ముల శ్రుతిదండం తీసి బెంచీకి కొట్టాడు. అది జుమ్మంటూ మోగుతుంటే ఎక్కడ పెట్టాలో తోచక లూథర్ మోకాలి చిప్ప మీద ఆనించాడు.

"ఓయమ్మో! మోకాల్లో తేనెటీగ దూరినట్టుందండీ!" అని లూథర్ ఎగిరి నిలబడ్డాడు. నిలబడ్డవాడు అలాగే మైదానంలోకి పరుగెత్తాడు. చేతికి దొరికిన బంతి పట్టుకుని, ఆగడం ఎలాగో మర్చిపోయినవాడిలా గీత దాటి, ఆ వెనకున్న మొక్కజొన్న చేలోకి కూడా కొంతదూరం వెళ్ళాడు. టోర్విక్ గెలిచింది. ఆ కేకల్లో బస్సు వచ్చి, హారన్ కొట్టి, వెళ్ళిపోయింది.

"నేను డాక్టర్ని కాదండీ," అన్నాడు ఈనోక్, జనం కాస్త సద్దుమణిగాక.

"మరి?"

"పియానోలకి మాత్రమేనండీ."

గ్రిమ్‌స్టాడ్ చాలాసేపు ఆయన్ను, సంచిని, బిస్కెట్టు పొడిని చూశాడు. "చూడండి స్లెటెన్ గారూ. ఒకదాని వెంట ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదని సోమవారమే క్లాసులో చెప్పాను. అది సోమవారం మాట. ఇవాళ శనివారం. వచ్చే వారం కూడా కూర్చోండి."

బస్సు ఎలాగూ వారం దాకా లేదు. మైదానం పక్కనే ఉన్న బోర్గిల్డ్ టాంగెన్ ఇంట్లో గది తీసుకున్నాడు. ఆవిడ కాలేజీ పిల్లలకు గదులు అద్దెకిచ్చే వితంతువు, కోళ్ళను తిట్టే గొంతుతోనే కీర్తనలు పాడేది. లూథర్ ఉండేది కూడా ఆ ఇంట్లోనే. తర్వాతి శనివారం ఈనోక్ కూర్చున్నాడు. టోర్విక్ గెలిచింది. ఆ పై వారం పొరుగూళ్ళో ఆట. ఆయన్ను జట్టు బస్సులో తీసుకెళ్ళారు. ఎక్కబోతూ గ్రిమ్‌స్టాడ్ ఆగిపోయాడు.

"అక్కడ వేరే బెంచీ ఉంటుంది కదా."

మరుక్షణం నలుగురు వెళ్ళి బెంచీ పీక్కొచ్చి బస్సు కప్పు మీద కట్టారు. దారి పొడవునా ఎదురొచ్చిన రైతులు టోపీలు తీసి పట్టుకున్నారు, శవపేటిక అనుకున్నారో ఏమో. ఆ ఆటా గెలిచారు.

ఇక అక్కణ్ణుంచి ప్రతిదానికీ ఒక క్రమం వచ్చింది. ఎడమకాలు కుడికాలి మీద, సంచి పాదాల మధ్య, సగం ఆట అయ్యేలోపు సగం అల్లం బిస్కెట్టు. మిగతా సగం జేబులో ఉండాలి, తినకూడదు. ఒకసారి ఈనోక్‌కు తుమ్ము వచ్చి కాలు జారింది. అదే క్షణంలో అవతలి జట్టువాడు బంతితో గీత దాటాడు. బెంచీ మీద ఉన్న కుర్రాళ్ళందరూ ఆయన కాలికేసి చూశారు. ఎవరూ ఏమీ అనలేదు, టోర్విక్‌లో అనరు. మర్నాడు బోర్గిల్డ్ ఇంటి మెట్ల మీద మాత్రం జలుబు మందు సీసాలు ఒక వరసలో నిలబడి ఉన్నాయి.

కాలేజీ ప్రెసిడెంటు రెవరెండ్ నెస్టెగార్డ్ స్వయంగా వచ్చాడు. "స్లెటెన్ గారూ, మనం దేవుణ్ణి నమ్మేవాళ్ళం. ఇలాంటి మూఢత్వాన్ని కాలేజీ ఒప్పుకోదు. ఈ మాట మీకు స్పష్టంగా చెప్పమని పాలకమండలి తీర్మానించింది."

"నేను వచ్చే శనివారం వెళ్ళిపోతున్నానండీ."

రెవరెండ్ టోపీ నేల మీద పడింది. "వెళ్ళిపోవడమెందుకండీ? తీర్మానం వేరు, కూర్చోవడం వేరు. మీకు చలికోటు ఉందా? లేదు కదా. చూశారా, అదీ." రెండు రోజుల్లో ఊరివాళ్ళు పంపిన బొచ్చు కాలరు కోటు వచ్చింది. దానితోపాటు చెవుల మీదికి దిగే టోపీ, మంచులో బూట్ల మీద తొడుక్కునే రబ్బరు బూట్లు. ఆ కోటులో ఈనోక్ రెండింతలు కనిపించేవాడు.

వెళ్ళాలని ఆయనకు లేకపోలేదు. అక్టోబరు నడుమ ఒక శనివారం ఆట లేదు. ఇదే అదను అనుకుని పొద్దున్నే సంచి సర్దుకున్నాడు. కానీ సెలవు తీసుకుని వెళ్ళడం మర్యాద కదా అనుకున్నాడు. అక్కడే దెబ్బతిన్నాడు. టోర్విక్‌లో సెలవు తీసుకోవడం ఒక పూట పని. ముందు బల్ల దగ్గర కూర్చుని మోకాళ్ళ మీద చరుచుకుంటూ "సరే మరి" అనాలి. అప్పుడు ఇంకో కప్పు కాఫీ వస్తుంది. మూడుసార్లు వద్దని నాలుగోసారి తాగాలి. లేచి నిలబడ్డాక వాతావరణం గురించి మొదటి నుంచి మాట్లాడుకోవాలి. గుమ్మం దగ్గర బంధువుల రోగాలు. గేటు దగ్గర, అసలు చెప్పాలనుకున్న మాట ఇప్పుడే గుర్తొచ్చిందంటారు.

"అప్పుడే వెళ్తారా స్లెటెన్ గారూ? కూర్చోనేలేదు మీరు," అంది బోర్గిల్డ్.

"వారాల నుంచి కూర్చునే ఉన్నానమ్మా."

"అది బెంచీ మీద. నా బల్ల దగ్గర కూర్చున్నదెక్కడ? ఈ ఆపిల్ పై ముక్క ఒక్కటి నోట్లో వేసుకుని వెళ్ళండి. మిమ్మల్ని ఎవరు ఆపారు?"

గేటు దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఊరు సగం నిలబడి ఉంది, ఒక్కొక్కళ్ళ చేతిలో ఒక్కో మూత పెట్టిన గిన్నె. "మేం ఆపడం లేదండోయ్," అన్నాడు మంగలి. "వీడ్కోలు చెబుదామని, అంతే." అందరికీ ఒక్కొక్కరికి చెయ్యి కలిపి, ఒక్కొక్కరి గిన్నెలోంచి ఒక చెంచా తిని తలెత్తేసరికి బస్సు వెనకభాగం గిడ్డంగి మలుపు తిరుగుతోంది. చేతిలో బంగాళాదుంపల పళ్ళెం ఉంది. అది కూడా పూర్తి చేశాడు, వదిలేస్తే బాగుండదని.

దాని తర్వాత ఊళ్ళో పియానోలకు ఏదో జబ్బు వచ్చింది. మంచి చెక్కతో చేసిన, ఇరవై ఏళ్ళు నోరు మెదపని పియానోలు కూడా ఒక్కసారిగా ఏడవడం మొదలుపెట్టాయి. పొద్దున ఒక ఇంట్లో శ్రుతి చేసి వస్తే సాయంత్రం ఇంకో ఇంటి నుంచి కబురు. యాన్సన్ గారి పియానో వర్షంలో వరండాలో నిలబడి ఉంది. "గాలి తగలాలని పెట్టామండీ." ఎదురింటి వాళ్ళది వంటపొయ్యికి వీపు ఆనించుకుని ఉంది. "దానికి చలేస్తోందని." బడిపిల్లలకు ఎవరు చెప్పారో గానీ ఇంటికి రాగానే రెండు మోచేతులతో పియానో వాయించడం సాధన చేస్తున్నారు. ఒక పియానో అపస్వరంలో ఉందని తెలిసి ఊరు దాటగలిగేవాడు కాదు ఈనోక్. అది వాళ్ళు కనిపెట్టారు.

ఆయన కోపగించుకోలేదు. నిజం చెప్పాలంటే లోపల ఏదో సుఖంగా ఉంది. ఊరు పట్టి ఉంచుతోంది, నేనేం చేయను అనుకోవడం సుఖం. మోంటానా వెళ్తే నోరు తెరిచి ఒక మాట అడగాలి. ఇక్కడ ఏమీ అడగనక్కర్లేదు. కూర్చుంటే చాలు, అందరూ తన కాలికేసి ప్రేమగా చూస్తారు. బతుకంతా పియానో వెనక మోకరిల్లినవాడికి ఇది కొత్త. శనివారం రాత్రుల్లో మంచం మీద పడుకుని, బస్సు తప్పిపోయిందని నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పు సరైన శ్రుతిలో లేదని చెవికి తెలిసేది.

నవంబరు వచ్చింది. జట్టు ఒక్క ఆట ఓడలేదు. ఇక మిగిలింది ఒక్కటే, నదికి అవతలి హోల్టన్ కాలేజీతో ఆట. టోర్విక్ మైదానంలోనే, పండగకు ముందరి శనివారం. హోల్టన్ వాళ్ళు కూడా ఆ ఏడు ఓడలేదు. పండగ ఆ పై గురువారం. ఆ శనివారం బస్సు తప్పితే హెస్టర్ హోటలు అమ్ముడుపోయినట్టే.

"ఆ ఆట అయిన వెంటనే నేనే నా కారులో మిమ్మల్ని మోంటానాలో దింపుతాను, ప్రమాణం," అన్నాడు గ్రిమ్‌స్టాడ్. ఆయన కారు అక్టోబరు నుంచి కొట్టంలో చక్రాలు లేకుండా ఇటుకల మీద నిలబడి ఉందని ఈనోక్‌కు తెలుసు. దాని పక్కనే ఉన్న పియానోను తనే శ్రుతి చేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఈనోక్ బోర్గిల్డ్ పియానో ముందు కూర్చున్నాడు. కీర్తన వాయిస్తుంటే ఒక స్వరం సరిగ్గా పలకడం లేదందావిడ. మూత తీశాడు. మధ్య వరసలో ఒక తీగ. తట్టి చూశాడు. మళ్ళీ తట్టాడు. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు. చలికి సడలిన తీగ వేరే రకంగా మూలుగుతుంది. ఇది తాళంతో, వెంట్రుకవాసి, జాగ్రత్తగా వెనక్కి తిప్పిన తీగ. ఈ పని ఎలా చేస్తారో ఆయన కంటే తెలిసినవాడు ఎవరూ లేరు.

గుమ్మంలో లూథర్ ఒక గోడలాగా నిలబడి ఉన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నా సంచిలో తాళం తీశావా నాయనా?"

"కోచ్ గారు చెప్పారండీ," అన్నాడు లూథర్. "చెప్పడమంటే చెప్పలేదు. పియానోలు పాడవడం తర్కానికి అందని విషయం, కానీ పాడైతే మంచిది అన్నారు. తప్పేనండీ. నా మోకాలు మీరు బాగు చేశారు, నేనేమో మీ…"

వంటింట్లోంచి బోర్గిల్డ్ వచ్చింది, చేతులకు పిండి. "వాణ్ణేమీ అనకండి. నాకు మంగళవారం నుంచీ తెలుసు."

"తెలుసా?"

"నా పియానో కదండీ! రోజూ దుమ్ము తుడుస్తాను, ఆదివారం వాయిస్తాను. ఏ తీగ దానంతటది జారిందో, దేన్ని ఎవరు జార్చారో ఇంటిదానికి తెలియదనుకున్నారా?"

"తెలిసీ ఎందుకూరుకున్నారు?"

బోర్గిల్డ్ ఆయన్ను వింతగా చూసింది, రెండూ రెండూ ఎంత అని అడిగినట్టు. "మీరు ఇంట్లో ఉంటే బాగుంటుందని. కాఫీ తాగే మనిషి ఎదురుగా ఉంటాడని. ఇష్టం లేకపోతే అదే రోజు అడిగేదాన్ని, నా తీగ జోలికి ఎందుకెళ్ళారని. ఆడవాళ్ళం ఊరుకున్నామంటే చెవుడొచ్చి కాదు స్లెటెన్ గారూ." అని పిండిచేతులతోనే వెళ్ళిపోయింది. వెళ్తూ లూథర్ వీపు మీద ఒకటి చరిచింది. అక్కడ తెల్లగా చెయ్యి ముద్ర పడింది.

ఈనోక్ తాళం తీసి తీగ బిగించాడు. తొమ్మిదేళ్ళు. తొమ్మిది శరత్కాలాలు హెస్టర్ కాఫీ కప్పుతో పక్కన నిలబడి, ఈ ఏడూ అదే తీగండీ అని. తడిగాలే అని. చుట్టూ దుమ్ము లేస్తుంటే. ఆవిడ ఒక్కసారి కూడా నవ్వలేదు. ఆ నవ్వకపోవడం ఎంత కష్టమై ఉంటుందో ఇప్పుడు తట్టింది ఆయనకు. ముఖమంతా వేడెక్కింది, సిగ్గు ఎంతో సంతోషం ఎంతో ఆయన చెవి కూడా విడదీయలేకపోయింది.

లూథర్ ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు.

"రేపు వెళ్ళిపోతారా?"

"రేపు బస్సు ఏ టైముకి వస్తుంది?"

"ఎప్పుడూ వచ్చే టైమేనండీ. ఆట మధ్యలో." గొంతు తగ్గించి, "సెలవు తీసుకుంటే మాత్రం వెళ్ళలేరు," అన్నాడు లూథర్. ఆ చుట్టుపక్కల పుట్టినవాడు కదా.

శనివారం ఆకాశం తగరపు రేకులా ఉంది. నది అవతల నుంచి హోల్టన్ జనం, ఇవతల మొత్తం టోర్విక్. ఈనోక్ వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. బొచ్చు కోటు, టోపీ, రబ్బరు బూట్లు. ఎడమకాలు కుడికాలి మీద. పాదాల మధ్య సంచి. సగం బిస్కెట్టు తిన్నాడు. వెనక వరసలో ఎవరో "తిన్నాడు" అన్నారు. ఆ మాట ప్రేక్షకుల మెట్ల పైదాకా వెళ్ళింది.

ఎవరూ గీత దాటలేకపోతున్నారు. మావాళ్ళు తోస్తే వాళ్ళు కదలరు, వాళ్ళు తోస్తే మావాళ్ళు కదలరు. బురదలో రెండు గోడలు ఒకదాన్నొకటి ఆనుకుని ఆవిర్లు కక్కుతున్నాయి. సగం ఆట అయింది. మంచు మొదలైంది. ముందు పిండి జల్లించినట్టు, తర్వాత బుట్టలతో పోసినట్టు. మైదానం చివర గీతలు కనపడటం మానేశాయి. హోల్టన్ కోచ్ బెంచీ చివర కూర్చున్న బొచ్చు ఆకారం మీద ఫిర్యాదు చేశాడు. న్యాయనిర్ణేత వచ్చి అడిగాడు.

"ఈయనెవరు?"

"డాక్టరు," అన్నాడు గ్రిమ్‌స్టాడ్, తల తిప్పకుండా.

"డాక్టరు కూర్చుంటే అభ్యంతరమేంటి?"

"కూర్చునే పద్ధతి మీద అభ్యంతరమండీ," అన్నాడు హోల్టన్ కోచ్. న్యాయనిర్ణేత నియమాల పుస్తకం తెరిచాడు. అది తడిసి ముద్దయింది. మూసేశాడు.

అప్పుడు గిడ్డంగి దగ్గర, మంచు వెనక, రెండు పసుపుపచ్చ దీపాలు కనిపించాయి.

ఈనోక్ ముందు రబ్బరు బూట్లలోంచి తన బూట్లు మెల్లగా బయటికి లాగాడు. ఎడమ రబ్బరు బూటును కుడిదాని మీద, ఎలా ఉండాలో అలా, వంచి ఆనించాడు. పక్కన బెంచీ మీద నీళ్ళ బకెట్టు ఉంది, దాని మీద రెండు అదనపు హెల్మెట్లు. వాటిని దగ్గరికి లాక్కుని, కోటు విప్పి వాటికి తొడిగాడు. బొచ్చు కాలరు పైకెత్తాడు. టోపీ పెట్టాడు. అది బాగానే కూర్చుంది, ఆయన కంటే కాస్త నిటారుగా. సంచిలోంచి తాళం, శ్రుతిదండం మాత్రం తీసి జేబులో వేసుకున్నాడు. ఖాళీ సంచిని బూట్ల మధ్య పెట్టాడు. మిగిలిన సగం బిస్కెట్టును కోటు జేబులోకి జార్చాడు. అది కోటుతోనే ఉండాలి కదా.

"స్లెటెన్ గారూ, కాలు కదపకండి," అన్నాడు గ్రిమ్‌స్టాడ్, కళ్ళు మైదానం మీదే ఉంచి. "ఇంకొంచెమే."

ఈనోక్ నోరు తెరిచాడు. సరే మరి అనబోయాడు. ఆ మాట అంటే కోచ్ తల తిప్పుతాడు, అయ్యో అప్పుడేనా అంటాడు, వెనక వరసలోంచి ఫ్లాస్కు ముందుకొస్తుంది. నోరు మూసుకున్నాడు. పల్చటి జాకెట్టుతో, వంగిన వీపుతో, బెంచీ వెనగ్గా మంచులోకి నడిచాడు.

మైదానంలో ఒక్కడికే కనపడ్డాడు. లూథర్ బురదలోంచి లేస్తూ, బెంచీ మీద ఒక స్లెటెన్ గారిని, గీతకు అవతల నడుస్తున్న ఇంకో స్లెటెన్ గారిని ఒకేసారి చూశాడు. పక్కవాడు "ఏంట్రా చూస్తున్నావ్?" అన్నాడు. "ఏం లేదు, మంచు," అని లూథర్ మళ్ళీ వంగి తన చోట నిలబడ్డాడు.

ఆ ఆట సున్నా–సున్నాగా ముగిసింది. ఆయన ఉన్నంతసేపూ సున్నా, లేనంతసేపూ సున్నా. గ్రిమ్‌స్టాడ్ పరుగెత్తుకొచ్చి కోటును కౌగిలించుకుంటే చేతుల్లో బకెట్టు మిగిలింది. తర్వాత నాలుగేళ్ళు ఆయన తర్కశాస్త్రం మానేసి భూగోళం చెప్పాడు. ఇవేవీ ఈనోక్‌కు తెలియవు.

ఆయన రోడ్డు దాటేసరికి డ్రైవరు తలుపు మూయబోతున్నాడు. ప్రతి శనివారం ఈ ఊళ్ళో ఎందుకు హారన్ కొడుతున్నాడో ఆ మనిషికే తెలియదు, ఎవరూ ఎక్కరు.

"సామానేదీ?"

"లేదండీ."

"కోటు కూడా లేకుండానా? ఎందాకా?"

ఈనోక్ ఊరి పేరు చెప్పాడు.

"అక్కడేముంది?"

"ఒక తీగ బిగించాలి," అన్నాడు ఈనోక్. ఆ తర్వాత, ఎవరూ అడగకుండానే, డ్రైవరు ఇంకో మాట మొదలుపెడుతుంటే మధ్యలో అడ్డు తగిలి మరీ, "ఆవిణ్ణి ఒక మాట అడగాలి," అన్నాడు.

మైదానంలో జనం ఒక్కసారి లేచిన చప్పుడు వచ్చింది, మంచులో మెత్తగా, ఎవరి కోసమో తెలియకుండా. ఆయన కిటికీ వైపు తిరగలేదు. ముందు సీట్లో కూర్చుని, రెండు పాదాలు నేల మీద ఆనించాడు. బస్సు పడమరకు కదిలింది.